దొంగిలించిన రొట్టె

ఆఁకలిగొన్న పసివాఁడు దొంగిలించిన రొట్టె యొక్కొకప్పుడు న్యాయశాస్త్రమంతటికంటెను బరువుగా నాకుఁ దోఁచును.

యశ్ చోప్రా దర్శకత్వమున 1975లో వెలువడిన ‘దీవార్’ చిత్రమున, దొంగరవాణాలో మునిఁగిన యన్న విజయ్‌ను పట్టుకొను భారము తనపైఁ బడఁగా తల్లడిల్లుచున్న పోలీసు అధికారి రవి, పాఱిపోవు దొంగ నొకనిని కాలిపైఁ గాల్చును. దగ్గఱకుఁ బోయి చూడఁగా వాఁడు కుఱ్ఱవాఁడు, అపహరించినది కాస్త తిండి. ఆహారము చేతఁబట్టి రవి యా కుఱ్ఱవాని యింటికిఁ బోవును. తల్లి నిప్పులు చెఱుగును. ఉపాధ్యాయుఁడుగాఁ బనిచేసి విరమించిన తండ్రి మాత్రము, లక్ష యైనను రొట్టె యైనను దొంగతనము దొంగతనమే యని శాంతముగాఁ బలుకును.

రవిని కర్తవ్యమునకు మరల్చినది పై యధికారి యాజ్ఞ గాదు, ఆ నిరుపేద మాట. పేదవాని బిడ్డపై ప్రేలిన తుపాకి తోఁబుట్టువు నెదుట తల వంచినచో ఆ రక్తమునకు సమాధానమేమి? ఆ తండ్రి నిష్ఠకు నమస్కరింతును. ఐనను, గుండుకంటె ముందు ఆ బిడ్డకు చేరవలసినది అన్నముగదా యని మనసు కలఁగును.

మఱి, చిన్ననాఁట పరుల బూట్లకు పాలిష్ పెట్టి తమ్ముని చదువుకై శ్రమించినవాఁడు ఆ విజయే. రవి తొడిగిన ఖాకీలో అన్న చెమట యున్నది. దానిని విడిచి అన్నను రక్షించుటయు, తొడిగి శిక్షించుటయు ఋణవిముక్తి గాదు.

తుపాకిని చిన్నకొడుకు చేతికిచ్చి, పెద్దకొడుకుకై గుడికి వెడలిన ఆ యన్నదమ్ముల తల్లి సుమిత్ర, న్యాయము, మాతృత్వము అను రెండు ధర్మములలో నొకదానినైనను విడిచినదని నేననఁజాలను.