వీసా వెనకాల ఇల్లాలు

హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి ఉద్యోగం చేసిన అమ్మాయి, పెళ్లయ్యాక అమెరికాలో డాలస్ పక్కనున్న ఫ్రిస్కోకో, ఇర్వింగ్‌కో చేరుతుంది. భర్తది ఉద్యోగ వీసా హెచ్-1బి, ఆమెది దానిమీద ఆధారపడిన హెచ్-4. ఆ వీసా ఉన్నంత మాత్రాన ఆమెకు సంపాదించే హక్కు రాదు. పని అనుమతి లేకపోతే సాధారణంగా సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు. అది లేక సొంత పేరున క్రెడిట్ కార్డు దొరకడమూ కష్టమే.

2015 మే నుంచి కొందరికి ఊరట దక్కింది. భర్త గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టిన ఐ-140 దరఖాస్తు ఆమోదం పొందితే, భార్య పని అనుమతికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

మిగతావాళ్లకు ఎదురుచూపే.

కొత్త సమాజంలో కలవడానికి ఇంగ్లిష్ ఒక్కటే చాలదు. బస్సులు అంతగా తిరగని ఆ శివార్లలో కారు నడపడం రాకపోతే పాల డబ్బాకైనా భర్త ఇంటికి రావాల్సిందే. ముందు చెప్పకుండా పక్కింటి తలుపు తట్టడం అక్కడ మర్యాద కాదు. అందుకే చాలామంది గుడిలో సేవకో, 2007లో మొదలైన, తెలుగు నేర్పే మనబడిలో పిల్లలకు అక్షరాలు దిద్దించడానికో వెళ్తారు. పరిచయాలు అక్కడే మొదలవుతాయి.

అమెరికా సంబంధం వచ్చినప్పుడు అబ్బాయి జీతం అడిగే పెద్దలు, అమ్మాయికి పనిచేసే హక్కు ఎప్పుడొస్తుందో కూడా తప్పక అడగాలి.