సినిమాకెక్కని పాట... సీమ నోట!

పత్తిచేను, ఉల్లి కళ్లం, సుగ్గి లారీ... సి.బెళగల్ వైపు పాటకు ఇవే వేదికలు. పాటంటే ప్రాణమిచ్చే ఆ పల్లెల మీదుగా ఓ ప్రయాణం.

కర్నూలు నుంచి పడమరగా బస్సెక్కితే మాట మెల్లగా యాస మార్చుకుంటుంది. సి.బెళగల్... పేరులోనే కన్నడ పలుకు. మండలం అంచున తుంగభద్ర. ఏరు దాటితే తెలంగాణలోని గద్వాల ప్రాంతం. ఎగువకు వెళితే మంత్రాలయం, ఆపైన కర్ణాటక. ఇన్ని యాసలు కలిసే చోట పాట ఊరుకుంటుందా? ఆటోలో, టీకొట్టు దగ్గర, పత్తి ఏరే చేలో ఫోన్ మోగిందంటే అది సినిమా పాటే కానక్కర్లేదు.

ఇప్పుడు పల్లె కుర్రకారు నోట నానేవి జానపదాలే. కొత్త పాట వచ్చిందంటే రాసిందెవరు, పాడిందెవరు, ఏ ఊరి యాస... అంతా చర్చే! గుత్తి దగ్గరి తండాలో పుట్టిన మంగ్లీ అంటే పక్క జిల్లా ఆడబిడ్డ అన్న మురిపెం. పెంచల్ దాస్ 2018లో 'కృష్ణార్జున యుద్ధం'లో పాడారు. అదే ఏడాది 'అరవింద సమేత'కు సీమ యాస నేర్పారు. తెరమీద కత్తులు దూసేటప్పుడే వినబడే తమ మాట, పాటలో అంత తియ్యగా పలికితే సీమవాసికి ఆనందం కాక మరేంటి?

ఇలాంటి పిచ్చి అమెరికాలోనూ ఉంది. అక్కడి పల్లె పాట పేరు కంట్రీ. స్టూడియోల మెరుగులతో అది తన మట్టివాసన పోగొట్టుకుందని బాధపడ్డ కుర్రాళ్లు పాత పాటకు రాక్ గిటార్ జోడించారు. అదే ఆల్ట్ కంట్రీ. అంకుల్ టుపెలో బృందం 1990లో తెచ్చిన 'నో డిప్రెషన్' ఆల్బమ్ అభిమానులను ఎంతగా పట్టేసిందంటే, 1995లో అదే పేరుతో ఓ పత్రికే పుట్టింది. పెద్ద రేడియోలు పట్టించుకోని గాయకుల కబుర్లే దాని సరుకు!

ఫోన్ రాకముందే...

కర్నూలు సీమకు ఈ అభిమానం కొత్త కాదు. ఆంగ్లేయులపై తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847లో కోవెలకుంట్లలో ఉరి తీశారు. ఆయన కథను జనం పాటగా దాచుకున్నారు. సినిమా వచ్చింది 2019లో. అంటే వెండితెర కన్నా 170 ఏళ్ల ముందు నుంచే ఆయనకు అభిమాన సంఘం ఉందన్నమాట! జె.ఎ.బాయిల్ అనే ఆంగ్లేయుడు ఇలాంటి తెలుగు వీరగాథల గురించి 1874లోనే 'ఇండియన్ యాంటిక్వరీ' పత్రికలో రాశాడు.

ఇక గొరవయ్యలు. నల్ల కంబళి, ఎలుగుబంటి వెంట్రుకల టోపీ, ఒక చేత డమరుకం, మరో చేత పిల్లనగ్రోవి. ఆలూరు వైపు దేవరగట్టులో దసరా నాటి బన్ని ఉత్సవంలో వినిపించే భవిష్యవాణి కోసం జనం చెవులు రిక్కించి వింటారు. మైకు అక్కర్లేని గొంతులవి.

చప్పట్లు సరే... కూడు?

నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీటుతూ పాడతారు. 2021లో 'భీమ్లా నాయక్' పాటతో ఇంటింటికీ తెలిశారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో హైదరాబాద్ శివార్లలో భవన నిర్మాణ కూలీగా కనిపించారు! ఆయన పాట విన్నవాళ్లు లక్షలమంది. అందులో ఒక్కొక్కరూ ఒక్కో రూపాయి ఇచ్చినా ఆ అవసరం వచ్చేదా?

ఈ బాధ పశ్చిమ కర్నూలుకు వేరే చెప్పక్కర్లేదు. వాన మొహం చాటేస్తే ఇక్కడి పల్లెలు సుగ్గికి పోతాయి. ఇంటికి తాళం, పిల్లాపాపలతో లారీ, గుంటూరు మిరప తోటలు. భజనలో తాళం వేసే చేతులే అక్కడ మిరపకాయలు కోస్తాయి. పాడేవాళ్లు లేక ఊళ్లో గుడి అరుగు బోసిపోతుంది.

పాట నచ్చితే పాడినవాళ్ల పేరు అడగాలి. జాతరకు పిలిచి, నాలుగు మాటలు మంచిగా చెప్పి, చేతిలో సంభావన పెట్టాలి. ఫోన్‌లో నొక్కే లైక్ కన్నా పెద్ద అభిమానం అదే. సుగ్గి ముగిసి లారీలు తిరిగొచ్చే వేళకు ఊళ్లో ఒక్క పాటగాడికైనా ఆ పిలుపు సిద్ధంగా ఉంటే... తుంగభద్ర ఒడ్డున పాటకు కరవుండదు!