మా ఇంటి ఏనుగు

ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనకాడతాడా అని సామెత. ఈ సామెత పుట్టించిన పెద్దమనిషికి ఏనుగు లేదని నా గట్టి నమ్మకం. ఉండి ఉంటే అంకుశం ఊసెత్తేవాడు కాదు, మేత సంగతి చెప్పేవాడు.

మా ఇంటి ఏనుగు తెల్లది. ఏడు సీట్లు, రెండు టన్నులకు అటూ ఇటూ బరువు, డీజిలు తాగుతుంది. కంపెనీ పేరు మాత్రం అడక్కండి. పెద్దింటి ఆడపడుచు పేరు నలుగురి నోళ్లలో నానడం మంచిది కాదు. మొన్న ఉగాదికి మీటరులో 3,40,000 కిలోమీటర్లు దాటింది. భూగోళం చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు కనక ఇప్పటికి ఎనిమిదిన్నర భూప్రదక్షిణలన్నమాట. అందులో సగానికి పైగా ఎమ్మిగనూరులో ఇల్లూ, ఆదోనిలో పత్తిగింజల వ్యాపారమూ పెట్టుకున్న పాపానికి నేను తిప్పినవే. రోజూ పోనూ రానూ అరవై కిలోమీటర్లు!

పత్తిగింజల వ్యాపారి గుమ్మంలోకి ఇంతటి బండి ఎలా వచ్చిందంటే, దానికి కారణం ఇనుము. మాకు పడమటి దిక్కున బళ్ళారి. చైనా వాళ్లు ఇనుప ఖనిజం ఎగబడి కొన్న రోజుల్లో అక్కడ లారీలతోపాటు ఖరీదైన పెద్ద బండ్లూ బారులు తీరాయి. 2011 జూలైలో బళ్ళారి జిల్లాలో తవ్వకాలు ఆపమని సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఏడే బండి కొన్న ఓ లారీల ఆసామి అయిదేళ్లు బింకంగా నెట్టుకొచ్చి, 2016లో దాన్ని నాకు అమ్మాడు. కొత్తదాని ధరలో మూడోవంతు. అప్పటికే 1,60,000 తిరిగింది. కర్ణాటక నుంచి ఎన్.ఓ.సి. తెచ్చి, ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్సు కట్టి, కె.ఎ. 34ని ఎ.పి. 21గా మార్చేసరికి మూడోవంతు కాస్తా సగానికి దగ్గర పడింది.

కొనేముందు ఆదోనిలో మా మెకానిక్ భాయ్‌కి చూపించాను. ఆయన మీటరు వైపే చూడలేదు. కూర్చుని బ్రేకు పెడల్ రబ్బరు తడిమాడు. స్టీరింగు ఎక్కడ అరిగిందో చూశాడు. డ్రైవరు సీటు అంచు నొక్కాడు.

"మీటరును తిప్పేవాళ్లున్నారు సేటూ. రబ్బరును ఎవరు తిప్పుతారు? ఇది నిజంగానే లక్షన్నర పైన తిరిగింది. తీస్కోండి, గుండె గట్టిగుంది" అన్నాడు.

ఇంటికి తెచ్చాక వీధి వీధంతా వచ్చి చూసింది. పిల్లలు ఎక్కి దిగారు. పెద్దలు "ఏమప్పా, పెద్దోడివైపోతివే!" అన్నారు. ఆ మాట వినడానికి ఇంపుగానే ఉంటుంది. కానీ ఇందులో ఒక కిటుకుంది. బండి పాతబడేకొద్దీ దాని ధర దిగుతుంది. విడిభాగాల ధర దిగదు. పాతిక లక్షల బండిని ఎనిమిది లక్షలకు కొన్నవాడు ఎనిమిది లక్షల బండికి యజమాని కాడు, పాతిక లక్షల బండికి పోషకుడు! టైర్లు అడిగినా, షాకబ్జార్బర్లు అడిగినా, పాపం అది తన పుట్టింటి హోదాకు తగ్గట్టే అడుగుతుంది. అల్లుడు పత్తిగింజల వ్యాపారి అని దానికెందుకు?

అందుకే మొదటి రోజే రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి కొన్నాను. తేదీ, మీటరు అంకె, చేసిన పని, అయిన ఖర్చు. ఇంజను ఆయిలు పదివేలకు మార్చమని కంపెనీ పుస్తకంలో ఉంటే మేం ఏడున్నర వేలకే మారుస్తాం. నల్లరేగడి దుమ్ము మీకు తెలియంది కాదు. ఎండాకాలంలో ముక్కులోకి, వానాకాలంలో చక్రాల్లోకి. దీనికి తోడు పత్తి సీజనులో జిన్నింగు మిల్లుల దగ్గర గాలిలో లేచే దూదిపీచు రేడియేటరు ముందు పరుపులా పేరుకుంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎయిర్ ఫిల్టరు విప్పి దులపడం మా ఇంట్లో వారం వారం జరిగే తంతు. డీజిలు ఫిల్టరు అడుగున చేరిన నీళ్లు వదలడం, దూరం నుంచి రాగానే టర్బో చల్లారేదాకా ఇంజన్ను ఒక నిమిషం ఊరికే తిరగనివ్వడం... ఇవేవీ డబ్బుతో పనులు కావు, ఓపికతో పనులు.

డబ్బుతో పని 2019లో పడింది. పొద్దున స్టార్టు చేస్తే ఇంజను చలిజ్వరం వచ్చినట్టు వణకడం మొదలెట్టింది. పట్నంలో ఓ పెద్ద వర్క్‌షాపుకి తీసికెళితే, చల్లటి గదిలో కాఫీ ఇచ్చి, నాలుగు ఇంజెక్టర్లూ మార్చాలని వేడి వేడి ఎస్టిమేటు చేతిలో పెట్టారు. ఆ డబ్బుతో కొత్త మోటార్ సైకిలు కొని పైన చిల్లర కూడా మిగుల్చుకోవచ్చు. ఆలోచించుకుని వస్తానని చెప్పి నెమ్మదిగా బయటపడి భాయ్ దగ్గరికి వచ్చాను.

ఆయన చేసిన వైద్యం చూడాల్సిందే. మందుల షాపు నుంచి సెలైను పైపులు నాలుగు తెప్పించాడు. ఇంజెక్టరు చల్లగా మిగిల్చిన డీజిలు వెనక్కి ట్యాంకుకు పోయే దారి ఒకటుంటుంది. అక్కడ ఒక్కో ఇంజెక్టరుకు ఒక్కో పైపు తగిలించి, కింద నాలుగు ఖాళీ సీసాలు పెట్టి ఇంజను ఆన్ చేశాడు. మంచి ఇంజెక్టరు వెనక్కి కొద్దిగానే వదులుతుందట, లోపల అరిగింది ఎక్కువ వదులుతుందట. అయిదు నిమిషాల్లో మూడు సీసాల్లో బొటనవేలంత, నాలుగోదాంట్లో జానెడు!

"వీడొక్కడే దొంగ సేటూ. మిగతా ముగ్గురూ సంసారులు" అన్నాడు భాయ్.

ఒక్కటే మార్చాం. సంసారులు ముగ్గురూ మరో 60,000 కిలోమీటర్లు కాపరం చేశారు.

ఇంకో ఖర్చుంది. అది కంటికి కనబడదు. ఇంజను ముందు మూత కింద టైమింగ్ బెల్టు అని ఒక పళ్ల పట్టీ ఉంటుంది. లక్షన్నర కిలోమీటర్లకు మార్చాలి. దానికి రోగ లక్షణాలంటూ ఏవీ ఉండవు. తెగేదాకా బాగానే ఉంటుంది. తెగిందా, వాల్వులూ పిస్టన్లూ ఢీకొని ఇంజను మొత్తం గుల్లవుతుంది. బండి కొన్నప్పుడు ఒకటి మార్చాం. ఆ లెక్కన 3,10,000 దాకా గడువుంది. 2024 ఆగస్టులో మూడు లక్షలు దాటగానే, "మన ఎండకూ దుమ్ముకూ కంపెనీ లెక్క ఒప్పదు, ఇప్పుడే మార్చాల" అని భాయ్ పట్టుబట్టాడు. "నడుస్తున్న బండిని విప్పడమెందుకండీ?" అని మా ఆవిడ. అయినా మార్పించాను. పాతది తీసి వంచితే పళ్ల మొదళ్లలో వెంట్రుకల్లాంటి పగుళ్లు.

మరుసటి నెల ఓ వానరాత్రి మా మామగారికి గుండెల్లో నొప్పి వచ్చింది. అంబులెన్సు వచ్చేదాకా ఆగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. వెనక సీట్లు మడిచి పరుపు వేసి పడుకోబెట్టాం. ఎమ్మిగనూరు నుంచి గోనెగండ్ల, కోడుమూరు మీదుగా కర్నూలుకు అరవై కిలోమీటర్ల పైమాటే. గుంతల్లో మోకాలి లోతు నీళ్లు. మా ఆవిడ వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని ఒక్క మాటా మాట్లాడలేదు. నాకు మాత్రం దారి పొడుగునా కళ్లముందు ఆ పగుళ్ల బెల్టే. ఆస్పత్రిలో డాక్టరు, "ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లం" అన్నారు. ఆ రాత్రి తర్వాత మా ఆవిడ నోటుబుక్కులోని ఖర్చుల కాలమ్ వైపు చూడ్డం మానేసింది.

మామగారు నేతపని మనిషి. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో స్థాపించిన చేనేత సహకార సంఘానికి ఏళ్ల తరబడి నేసి ఇచ్చారు. ఇంటికొచ్చాక ఈ బెల్టు కథంతా విని అన్నారు:

"దీంట్లో వింతేముంది నాయనా? పోగు తెగితే అప్పుడే అతకాల. రేపు చూద్దాములే అంటే రేపు నీకు గుడ్డ ఉండదు, చింకి ఉంటుంది. నా మగ్గం మా నాయన కాలంది. ఎన్ని గజాలు నేసిందని దాన్ని ఎవరడిగినారు?"

పండితులు పుస్తకాలు రాసి చెప్పే సంగతి ఆయన మంచం మీద పడుకుని చెప్పేశారు. అమెరికాలో న్యూయార్కు దగ్గర ఇర్వ్ గోర్డన్ అనే సైన్సు మాస్టారు 1966లో ఒక వోల్వో కారు కొన్నాడు. 2013 నాటికి దాని మీద ముప్పై లక్షల మైళ్లు, అంటే 48 లక్షల కిలోమీటర్లు తిరిగి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కాడు. రహస్యమేమిటని అడిగితే, బండితో వచ్చిన పుస్తకంలో రాసినట్టు వేళకు సర్వీసు చేయించడమే అని చెప్పేవాడు. ఆ లెక్కన మా ఏనుగు ఇంకా గున్న.

ఈ 2026తో దానికి పదిహేనేళ్లు నిండుతున్నాయి. బెంగుళూరులో ఉన్న మావాడు, "నాన్నా, అమ్మెయ్యి. కరెంటు బండి తీసుకుందాం" అంటున్నాడు. వాడి మాట తీసిపారేసేది కాదు. డీజిలు పొగ మంచిది కాదు. పదేళ్లు దాటిన డీజిలు బండ్లు ఢిల్లీలో తిరగరాదని 2015లో హరిత ట్రిబ్యునల్ చెబితే, 2018లో సుప్రీంకోర్టు దాన్నే బలపరిచింది. మన దగ్గర పద్ధతి వేరు. పదిహేనేళ్లు నిండిన కారును తనిఖీ చేసి, ఫిట్‌నెస్ ఉంటే మరో అయిదేళ్లకు రిజిస్ట్రేషను పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి దానికి ఫీజు 5,000 రూపాయలు. ఇరవై దాటితే 2025 ఆగస్టు నుంచి 10,000. హరిత పన్ను వేరే. సర్కారు వారు కూడా మా మామగారిలాగే ఎన్ని గజాలు నేశావని అడగడం లేదు, పోగు సరిగ్గా ఉందా అంటున్నారు.

కాబట్టి మావాడితో ఒక ఒప్పందానికి వచ్చాను. తనిఖీలో పొగ నల్లగా వచ్చిందా, ఆ రోజే అమ్మకం, మారుమాట లేదు. రాకపోతే ఇంకో అయిదేళ్లు. భాయ్‌కి చెబితే, "నల్లగా ఎట్లొస్తుంది సేటూ, నేను బతికుండగా?" అన్నాడు. ఆయనకీ అరవై దాటాయి. కొడుకు సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్నాడు. అసలు నా దిగులంతా అక్కడే ఉంది. ఇంజెక్టర్లు డబ్బు పెడితే దొరుకుతాయి. సెలైను పైపుతో దొంగను పట్టే చెయ్యి ఏ షాపులో దొరుకుతుంది? అందుకే ఈమధ్య ఖర్చుల కాలమ్ పక్కన, భాయ్ ఏం చూశాడో, ఎలా కనిపెట్టాడో కూడా అడిగి రాసుకుంటున్నాను.

దసరాకు బండికి గుమ్మడికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించడం అందరిళ్లలోనూ ఉన్నదే. మా ఇంట్లో నోటుబుక్కును కూడా పూజలో పెడతాం. మా ఆవిడ కుంకుమబొట్టు ముందు పుస్తకానికి పెట్టి, ఆ తర్వాతే బండికి పెడుతుంది.