గాలికి పోయే పేలపిండి

మన కోస్తా జిల్లాలలో ఒక యింటిని మెచ్చుకొనదలచినవాడు మొట్టమొదట పలుకు మాట “గాలి బాగా ఆడుతుంది” అన్నదియే. వీధి గుమ్మమున దూరిన సముద్రపుగాలి పెరటి గుమ్మమున వెలువడునట్లు ద్వారబంధములు ఎదురెదురుగా నిలిపిన యింటికి, కట్టిన మేస్త్రీ మొదలు అద్దెకు దిగినవాని వరకు అందఱును మురియుదురు. ఆ సంస్కారముతో పెరిగిన నాకు, ఇంగ్లండు ఉత్తరభాగమున లీడ్సు నగరమందు, మొదటి ప్రపంచయుద్ధమునకు పూర్వము కట్టిన ఎఱ్ఱయిటుకల వరుసయిల్లు లభించినపుడు, ఆ గుణమే దోషమై నెలనెలా ఇల్లు వెచ్చబఱచు గ్యాసు బిల్లు రూపమున దర్శనమీయజొచ్చెను.

ఆ కాలపు గోడకు నడుమ ఖాళీ యుండదు. తొమ్మిదంగుళముల ఇటుక, అంతే. నేల చెక్కపలకలది, దాని క్రింది శూన్యములోనికి, దూలములు కుళ్లకుండుటకై, వెలిగోడలోని చిల్లుల యిటుకలగుండ గాలి సదా ప్రవహించుచుండును. ఒకప్పుడు బొగ్గు మండించిన పొయ్యిగూళ్లు, వానిపై ఆకాశమును చూచు పొగగొట్టములు ఇప్పటికిని కలవు. వేడెక్కిన గాలి తేలికగాన పైకెక్కి గొట్టమువెంట పోవును. పోయినంత మేరకు చల్లనిగాలి పలకల సందులనుండియు, కిటికీ చట్రములనుండియు, ఉత్తరములు వేయు తలుపుచీలికనుండియు లోనికి ఈడ్వబడును. గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణమను మన సామెతకు ఇంతకంటె సరియైన వ్యాఖ్యానము నాకు తటస్థపడలేదు. అయితే పేలపిండి చవుక. 2021 శరత్కాలమున యూనిట్టు 4 పెన్నీలుగా నుండిన గ్యాసు, ఉక్రెయిను యుద్ధము వచ్చిపడిన మరుసటి శరత్తునకు, ప్రభుత్వము అడ్డుపడి కొంత భారము తానే మోసినను, 10 పెన్నీలు దాటినది. తరువాత తగ్గినదే గాని మునుపటి వెలకు దిగలేదు.

ధర పెరిగిన ఆ చలికాలముననే కిటికీలన్నిటికి రెండద్దముల చట్రములు బిగించెదమని ఒక కంపెనీ ప్రతినిధి వచ్చి, కొలతలు తీసికొని, 6,000 పౌండ్ల అంచనా చీటి మా బల్లపై నుంచి, నెలసరి వాయిదాల సౌలభ్యమును మృదుమధురముగా వర్ణించి వెళ్లెను. నేను గణితమందు ఘనుడను గాను. కాని ఏ ఖర్చునైనను అది ఏటేట మిగుల్చు సొమ్ముతో భాగించి చూచు అలవాటొకటి, పొలమున మోటారు వేయించునపుడు గూడ అట్లే లెక్కించిన తండ్రిగారినుండి నాకు సంక్రమించినది. కిటికీలవలన ఏడాదికి 150 పౌండ్లు మిగులునని ఉదారముగా అనుకొన్నను, పెట్టుబడి తిరిగి చేతికి వచ్చుటకు 40 ఏండ్లు పట్టును. అప్పటికి ఆ చట్రములును శిథిలములగును, నేనును.

“ముందు గాలి ఎక్కణ్ణించి వస్తోందో చూడండి, కొనడం తరవాత” అని మా ఇంటావిడ దేవుని గూటిలోని అగరువత్తి యొకటి వెలిగించి నా చేతికిచ్చినది. బయట గాలి వీచు సాయంకాలమున తలుపులు మూసి, దానిని చట్రములవెంబడి, గోడ అడుగు పట్టీలవెంబడి మెల్లగా నడిపినచో, పొగ నిటారుగా లేచినచోట చింతలేదు. వంగినచోట సొమ్ము పోవు మార్గము కలదు. నేను శంకించిన కిటికీలకంటె, సోఫా వెనుక గోడయు నేలయు కలియు సందును, వంటగదిలో నీటిగొట్టము గోడను దాటు రంధ్రమును, అన్నిటిని మించి హాలులోని పొయ్యిగూడును ఘనాపాఠీలని తేలినవి. వాడుకలోలేని పొగగొట్టమున దోపుటకు గొఱ్ఱెయున్ని బిరడా 25 పౌండ్లకు దొరకినది. తలుపునకు బ్రష్షు పట్టీలు, పలకల సందులకు రబ్బరు పోగులు, కిటికీలపై హెయిర్ డ్రయ్యరు వేడికి బిగిసికొను పలుచని ప్లాస్టిక్కు పొర, వీధిగుమ్మమునకు దళసరి తెర, అన్నియు కలిసి 120 పౌండ్లు దాటలేదు. ఆ మొత్తము రెండవ చలికాలము ముగియకముందే బిల్లులలో తిరిగివచ్చినది.

పైసా ఖర్చులేని పని ఇంకొకటి కలదు. గదులను వెచ్చబఱచుటకై గొట్టములవెంట పోయివచ్చు నీరు సుమారు 55 డిగ్రీలకంటె చల్లగా తిరిగివచ్చినపుడే నేటి బాయిలరు తన పొగలోని ఆవిరి వేడినిగూడ రాబట్టుకొనును; 75 డిగ్రీలపై నున్న మా బాయిలరు మీటను 60కి తగ్గించితిమి. మాది వేడినీటి తొట్టి లేని రకము గనుక చిక్కులేదు; తొట్టి యున్నవారు దాని వేడిని మాత్రము 60కంటె తగ్గనీయరాదు, అందు హానికరమైన క్రిములు పెరుగును. రాత్రి చదువుకొనునపుడు 2 కిలోవాట్ల విద్యుత్తు హీటరు గంటకు సుమారు 50 పెన్నీలు మ్రింగునుగాన దానిని అటుక ఎక్కించి, 100 వాట్ల కరెంటు దుప్పటి ఒడిలో కప్పుకొనుచున్నాను. దాని గంట ఖర్చు 3 పెన్నీల లోపు.

పొదుపు మోజున నేలక్రింది చిల్లుల యిటుకలను మూయువారిని చూచితిని. దూలములు పుచ్చిన తరువాత మరమ్మతునకు వేలపౌండ్లు వెచ్చింపవలసి వచ్చును. పొయ్యిగూటిలో గ్యాసు మండు గదిలో పొగగొట్టము మూయుట ప్రాణాపాయము. బిగించిన యింట అన్నము వార్చిన ఆవిరియు, ఆరవేసిన బట్టల చెమ్మయు ఉత్తరపు గోడపై బూజై తేలును గనుక, వంటగది ఫ్యాను విషయమున మాత్రము నేను లోభింపను.

గోడల లోపలివైపు ఉష్ణరోధకపు పలకలు పఱపించుమని మిత్రులు చెప్పుచున్నారు. అది మంచిపనియే, కాని గోడ గిలాబా ఎప్పుడైన ఊడి, దానిని ఎట్లును తీసి మరల వేయింపవలసినపుడు, ఆ కూలితోనే ఒక్కొక్క గదికి చేయించెదను. మొదట స్నానాలగది వంతు వచ్చునట్లున్నది.