గొట్టం తీసే తేదీ

గర్భసంచి ఆపరేషన్లు అయినవాళ్లను ఉంచే ఈ ప్రభుత్వాసుపత్రి వార్డులో చూడాల్సింది మంచాల కింది వైపు. పట్టీలకు యూరిన్ బ్యాగులు వేలాడుతున్నాయి. ఒకటి నేలకు ఆనింది. ఇంకోచోట గొట్టం మెలిక పడి, ఆ వంపులో మూత్రం కదలకుండా నిలిచిపోయింది. ఒకామెను స్కానింగ్‌కు తీసుకెళ్తూ బ్యాగును పొట్ట మీద పెట్టారు. బ్యాగు మూత్రాశయం కన్నా ఎత్తులో ఉంటే మూత్రం వెనక్కి పారుతుంది. సిస్టరు గమనించి వెంటనే దించారు. అందరి కేస్ షీట్లలోనూ గొట్టం వేసిన తేదీ ఉంది. తీయాల్సిన తేదీ మాత్రం చాలావాటిలో లేదు. నేలకు ఆనిన బ్యాగు కన్నా ఈ ఖాళీయే నాకు పెద్ద లోపంగా తోచింది.

ఆపరేషన్ జరుగుతుండగా మూత్రాశయం ఖాళీగా ఉండాలి, కాబట్టి గొట్టం వేయక తప్పదు. ఆ పని తీరాక అది లోపలున్న ప్రతి రోజూ, అప్పటిదాకా శుభ్రంగా ఉన్నవాళ్లలో 3 నుంచి 7 శాతం మంది మూత్రంలోకి బ్యాక్టీరియా చేరుతుంది. అందరికీ జ్వరం రాదు, నిజమే. కానీ సూక్ష్మజీవులు గొట్టం గోడకు జిగురుపొరలా పట్టేస్తే యాంటీబయాటిక్ వాటిని తుడిచిపెట్టలేదు. అందుకే ముందుజాగ్రత్త పేరుతో మందులు పొడిగించడం కన్నా గొట్టం తీసేయడమే అసలు నివారణ. చిక్కుల్లేని గర్భసంచి ఆపరేషన్ తర్వాత 24 గంటల్లోపు తీయాలన్న సలహా అందులోంచి వచ్చిందే. ఈ ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నాయి కనుక మనకు ఇది చిన్న విషయం కాదు.

తొందరపడి తీస్తే మూత్రం బిగుసుకుపోయి, మళ్లీ గొట్టం వేయాల్సి రావచ్చంటారు. గర్భసంచి జారినందుకు చేసే ఆపరేషన్ల తర్వాత ఆ భయం నిజమైనదే. అయితే దానికి మందు అందరికీ గొట్టం ఉంచేయడం కాదు, తీశాక కనిపెట్టుకుని ఉండడం. ఎంత పోశారు, లోపల ఎంత మిగిలింది అని కొలవాలి. పోయలేకపోతే సన్నటి గొట్టంతో ఖాళీ చేసి వెంటనే తీసేయవచ్చు. కొలవకుండా వదిలేస్తేనే మూత్రాశయం సాగిపోయి, దాని కండరం దెబ్బతింటుంది. మూత్రాశయానికి కోత పడినా, ఫిస్టులా (మూత్రాశయానికీ యోనికీ మధ్య పడ్డ రంధ్రం) మూసినా గొట్టం రోజుల తరబడి ఉండాల్సిందే. అక్కడ కూడా ఎన్నాళ్లన్నది అలవాటుకు వదలకూడదు. ఆఫ్రికాలోని 8 దేశాల్లో 524 మంది మహిళలతో చేసి, 2015లో ప్రచురించిన పరీక్షలో, సాధారణ ఫిస్టులాకు 14 రోజులు ఉంచినా 7 రోజులే ఉంచినా ఫలితం దాదాపు ఒకటే. కాబట్టి వేసిన తేదీ పక్కనే తీసే తేదీ కూడా థియేటర్‌లోనే రాయాలి. ఆ వేళకు డాక్టరు రౌండ్స్ కోసం ఎదురుచూడకుండా తీసే అధికారం డ్యూటీ సిస్టరుకు ఉండాలి, ఆదివారమైనా సరే.