పాత స్టీరియోలో అమ్మ పాట

మీ ఇంట్లో గాని, మీ బంధువుల ఇంట్లో గాని పాత స్టీరియో సెట్టు ఉందా? పైన గుడ్డ కప్పి, ఆ గుడ్డమీద పూలకుండీ పెట్టి, మూలకు జరిపేసిన సెట్టు? ఉంటే పాత సామాన్లవాడికి వేసే ముందు ఈ నాలుగు పేజీలు చదవండి. మీలాంటి అభ్యాసకుల కోసం పాఠాలు రాయడం నా ఉద్యోగం. అయితే ఇక్కడ చెప్పబోయేది పుస్తకాలు చదివి నేర్చుకున్నది కాదు. మా నాన్నగారి ముందు తప్పు చేసి, ఆ తప్పు దిద్దుకుంటూ నేర్చుకున్నది.

విజయవాడలోని మా ఇంట్లో ఒక ఆంప్లిఫయరు, రెండు చెక్క స్పీకరు పెట్టెలు, ఒక క్యాసెట్ డెక్కు ఉండేవి. నాన్నగారు రైల్వేలో ఎలక్ట్రికల్ ఫిట్టరు. వాయిదాల పద్ధతిలో కొన్నారు. 1988లో మా పిన్ని పెళ్ళిలో అమ్మ పాడిన పాటలను నాన్నగారే ఒక చిన్న టేప్ రికార్డరుతో క్యాసెట్టులోకి ఎక్కించారు. నాకప్పుడు 10 ఏళ్ళు. తరువాత డెక్కులో బెల్టు సాగిపోయింది. క్యాసెట్టు బీరువాలోకి వెళ్ళింది. 2011లో అమ్మ పోయింది.

2019 సంక్రాంతికి ముందు తమ్ముడు ఆ క్యాసెట్టును కంప్యూటరులోకి మార్పించి నాకు పంపాడు. పండగకు వెళ్ళినప్పుడు నా ల్యాప్‌టాప్ తెరిచి నాన్నగారికి వినిపించాను. ఆయన చెవి దగ్గరగా పెట్టి విన్నారు. "ఎవరో ఫోనులో పాడుతున్నట్టుందమ్మా. మీ అమ్మ పాడితే హాలంతా వినపడేది" అన్నారు.

ఆయన అన్నది నిజమే. ల్యాప్‌టాప్‌లోని స్పీకరు రూపాయి బిళ్ళకంటే ఎంతో పెద్దది కాదు. కింది స్థాయి స్వరాలు వినిపించాలంటే స్పీకరు ఎక్కువ గాలిని కదిలించాలి. అంత చిన్న స్పీకరుకు ఆ శక్తి ఉండదు. అందువల్ల గొంతులోని నిండుదనం పోయి పీలగా వినిపిస్తుంది. మరి హాల్లో ఉన్న పెద్ద స్పీకర్ల సంగతేమిటి? ఆ ఆలోచన రాగానే బజారుకు వెళ్ళాను.

కావలసింది ఒక్క వైరు. దానికి ఒక చివర సన్నని పిన్ను, రెండో చివర రెండు పిన్నులు ఉంటాయి. సన్నని పిన్ను మందం 3.5 మిల్లీమీటర్లు. చెవిలో పెట్టుకునే ఫోన్ల పిన్ను లాంటిదే. దానిని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. రెండు నల్లని గీతలు దానిని మూడు భాగాలుగా విడదీస్తాయి. కొన ఎడమవైపు ధ్వనిని, మధ్య భాగం కుడివైపు ధ్వనిని తీసుకువెళతాయి. మొదలు రెండింటికీ ఉమ్మడి. రెండో చివరి పిన్నులలో ఎర్రది కుడికి, తెల్లది ఎడమకు. వీటిని ఆర్.సి.ఎ. పిన్నులంటారు. రేడియో కార్పొరేషన్ ఆఫ్ అమెరికా అనే సంస్థ పేరులోని మొదటి అక్షరాలవి. మీ సెట్టు ఇంకా పాతదైతే వెనుక గుండ్రని అయిదు రంధ్రాల సాకెట్టు ఉండవచ్చు. దానికీ సరిపోయే వైరు దొరుకుతుంది. సాకెట్టు ఫోటో తీసుకుని దుకాణానికి వెళ్ళండి.

వైరు తెచ్చాను. సన్నని పిన్నును ల్యాప్‌టాప్‌లో చెవిఫోను గుర్తు ఉన్న రంధ్రంలో పెట్టాను. ఆంప్లిఫయరు వెనుక నాలుగైదు జతల రంధ్రాలున్నాయి. చేతికి అందిన జతలో మిగిలిన రెండు పిన్నులూ గుచ్చాను. నాన్నగారు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నారు. పాట మొదలు పెట్టాను.

గుభుక్కుమని ఒక మోత. తరువాత పగిలిన డప్పు కొడుతున్నట్టు, బొంగురుగా, మాటలు తెలియకుండా ఏదో శబ్దం. నాన్నగారు లేచి నిలబడ్డారు. "ఇది మీ అమ్మ గొంతు కాదు. ఆపెయ్" అని వరండాలోకి వెళ్ళిపోయారు.

నేను చేసిన తప్పేమిటో ఊహించగలరా? ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి.

నేను పిన్నులు పెట్టిన రంధ్రాల మీద ఇంగ్లీషులో 'ఫోనో' అని ఉంది. ఫోను అనుకునేరు! అది గ్రామఫోను రికార్డులు తిప్పే యంత్రం కోసం పెట్టింది. రికార్డు గాడిలో నడిచే ముల్లు నుంచి వచ్చే విద్యుత్ సంకేతం చాలా బలహీనమైనది. కొద్ది మిల్లీవోల్టులే ఉంటుంది. అందుకే ఆంప్లిఫయరు ఆ రంధ్రాల నుంచి వచ్చిన సంకేతాన్ని ముందే వందల రెట్లు పెంచుతుంది. అంతేకాదు, రికార్డు తయారుచేసేటప్పుడు కింది స్వరాలను తగ్గించి, పై స్వరాలను పెంచి గాడి కోస్తారు. దానిని సరిచేయడానికి ఫోనో భాగం కింది స్వరాలను పెంచి, పై స్వరాలను తగ్గిస్తుంది. ల్యాప్‌టాప్ నుంచి వచ్చే సంకేతం దాదాపు 1 వోల్టు దాకా ఉండవచ్చు. దానికి ఈ దిద్దుబాటు అక్కరలేదు. పిల్లకాలువ కోసం తవ్విన తూములోకి కృష్ణ నీళ్ళన్నీ వదిలితే ఏమవుతుంది? అదే జరిగింది.

మీరు పెట్టవలసిన రంధ్రాల మీద 'ఆక్స్' అని గాని, 'సిడి' అని గాని, 'ట్యూనర్' అని గాని ఉంటుంది. ఇవన్నీ ఒకే రకం, దేనిలో పెట్టినా సరే. 'టేప్' అని రెండు జతలుంటే 'ఇన్' లేదా 'ప్లే' అన్న జతను ఎంచుకోండి. ముందువైపు మీటను కూడా అదే పేరు మీదికి తిప్పాలి. స్పీకర్లకు వెళ్ళే తీగలను మాత్రం ఎన్నడూ ల్యాప్‌టాప్‌కు తగిలించకూడదు. ఆంప్లిఫయరు నుంచి వచ్చే ఆ శక్తిని ల్యాప్‌టాప్ తట్టుకోలేదు. వైరు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ ఆంప్లిఫయరు శబ్దాన్ని పూర్తిగా తగ్గించి ఉంచండి. ఆ గుభుక్కు మోత నేను తగ్గించనందువల్ల వచ్చిందే.

ఎం.ఇడి. చదివాను. 'సూచనలు చదివిన తరువాతే పని మొదలు పెట్టండి' అని ఎన్ని పాఠాలలో రాశానో లెక్కలేదు. రంధ్రం మీది ఒక్క మాట చదవలేదు.

పిన్నులు మార్చాను. ఈసారి గొంతు శుభ్రంగా వచ్చింది. కాని దానివెనుక ఒక రొద. తుమ్మెద గదిలో చిక్కుకున్నట్టు 'మ్‌మ్‌మ్' అని ఆగకుండా. పక్కింటి కుర్రాడు వైరింగు పని చేస్తాడు. పిలిస్తే వచ్చి విని, "అక్కా, ఇది ఎర్తింగు వల్ల వచ్చే గోల. ప్లగ్గుకున్న ఆ లావు పిన్ను తీసి పారేస్తే పోతుంది" అన్నాడు.

వరండాలోంచి నాన్నగారి గొంతు వినిపించింది. "ఎర్తు పిన్ను జోలికి పోవద్దు!"

ఆయన లోపలికి వచ్చారు. పాటకు వెళ్ళిపోయిన మనిషి రొదకు తిరిగి వచ్చారు. అది ఆయన విద్య కదా. స్పీకరు దగ్గర చెవి పెట్టి విన్నారు. "ఇది లైనులోంచి వస్తోంది. నీ ఛార్జరు తీసి చూడమ్మా" అన్నారు. తీశాను. రొద ఆగింది. పెట్టాను, మళ్ళీ వచ్చింది.

జరుగుతున్నది ఇది. మన దేశంలో ఇళ్ళకు వచ్చే విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు చేస్తుంది. ల్యాప్‌టాప్ ఛార్జరు ఒక గోడ ప్లగ్గులో, ఆంప్లిఫయరు మరో గోడ ప్లగ్గులో ఉన్నాయి. రెండింటికీ ఎర్తు ఉంది. నేను పెట్టిన వైరు ఆ రెండింటినీ మళ్ళీ కలిపింది. అలా ఒక వలయం ఏర్పడి, దానిలో తిరిగే కొద్దిపాటి విద్యుత్తు పాటతో పాటు స్పీకరులోకి చేరింది. పిన్ను విరిచేస్తే రొద పోవచ్చు. కాని రేపు లోపల తీగ తెగి ఆంప్లిఫయరు రేకుకు తగిలితే, దానిని ముట్టుకున్న మనిషిని కాపాడేది ఆ పిన్నే. "షెడ్డులో ఇలాంటి తెలివితేటలు చాలా చూశాం" అని నాన్నగారు కుర్రాడితో అన్నారు, నవ్వకుండా.

ఆయనే ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు వెతికి తెచ్చి, రెండు ప్లగ్గులనూ దానిలోనే పెట్టించారు. రొద చాలావరకు తగ్గింది. పాట వినేంతసేపు ఛార్జరు తీసేస్తే అసలే ఉండదు. ఛార్జరు పెట్టి కూడా వినవలసి వస్తే, వైరు మధ్యలో పెట్టే చిన్న ఐసొలేటరు దుకాణాలలో దొరుకుతుంది. వైరు లేకుండా బ్లూటూత్‌తో పాట అందుకునే చిన్న డబ్బీలు కూడా ఉన్నాయి. వాటి పిన్నులనూ ఆ ఆక్స్ రంధ్రాలలోనే పెట్టాలి.

ఇక శబ్దం సంగతి. ల్యాప్‌టాప్‌లో శబ్దాన్ని ముప్పాతిక వంతుకు పైగా పెట్టి, ఎక్కువ తక్కువలు ఆంప్లిఫయరు మీటతో చేసుకోండి. ల్యాప్‌టాప్‌లో బాగా తగ్గించి ఇక్కడ పెంచితే, పాటతో పాటు సరసరమనే చప్పుడూ పెరుగుతుంది.

చీకటి పడ్డాక మళ్ళీ కూర్చున్నాం. మీట నాన్నగారే తిప్పారు. అమ్మ గొంతు హాల్లోకి వచ్చింది. వెనుక పెళ్ళివారి మాటలు, ఎవరో బిందె దించిన చప్పుడు, ఒక పసిపిల్ల ఏడుపు. రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని. ఆ టేప్ రికార్డరుకు ఉన్నది ఒక్క మైకే మరి. ఎర్ర పిన్ను, తెల్ల పిన్ను తారుమారైనా ఆ రోజు తెలిసేది కాదు.

చివరి పాట అయ్యాక అమ్మ, "ఇంక ఆపండి, టేపు అయిపోతోంది" అంది. టక్కుమని మీట నొక్కిన చప్పుడు.

"ఆ నొక్కింది నేనే" అన్నారు నాన్నగారు. కొంచెంసేపు ఆగి, ఛార్జరు ఎక్కడుందని అడిగారు. బ్యాటరీ ఇంకో గంట వస్తుందని చెప్పాను.

"అయితే మొదటినుంచీ పెట్టు."