జోనీ మిచెల్ దారి తప్పలేదు

గాయని, గేయరచయిత్రి జోనీ మిచెల్ అభిమానుల మధ్య ఒక వాదన ఎప్పటికీ తెగదు. 1971లో వచ్చిన ‘బ్లూ’ ఆల్బమ్‌తోనే ఆవిడ శిఖరం చేరిందని, ఆ తర్వాత జాజ్ మోజులో పడి పాటను పోగొట్టుకుందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమచెయ్యి బలహీనపడటంతో ఆవిడ గిటారు తీగల్ని తనకు వీలైన శ్రుతుల్లోకి మార్చుకుంది. మామూలు ఫోక్ పాటల్లో వినపడని, ఎటూ తేలకుండా నిలిచిపోయే ఆ స్వరాల కలయికలు 1968 నాటి మొదటి ఆల్బమ్‌లోనే ఉన్నాయి. వాటిని అందుకోగల వాద్యకారులు తర్వాత దొరికారు, అంతే. 1976 నాటి ‘హెజీరా’లో జాకో పాస్టోరియస్ బేస్ గిటారు వినండి, అది తాళం పట్టి ఊరుకోదు, ఆవిడ గొంతుతో మాట్లాడుతుంది.

‘బ్లూ’ పాటల్లా ఈ జాజ్ పాటలు నోట నిలవవు కదా అంటారు. నిజమే, తర్వాత వచ్చిన ‘మింగస్’ ఆల్బమ్ నాకూ అంత దగ్గర కాలేదు. కానీ ‘హెజీరా’లో బాణీ మాటల వెంట నడుస్తుంది. ఒంటరి ప్రయాణాల మీద రాసిన ఆ పొడవాటి వాక్యాలు చిన్న పల్లవిలో ఇమడవు. తన మనసు విప్పడం మానేసిందన్న ఫిర్యాదు అంతకుముందు ఆల్బమ్ ‘ద హిస్సింగ్ ఆఫ్ సమ్మర్ లాన్స్’కు వర్తిస్తుందేమో గానీ, ‘హెజీరా’కు వర్తించదు. ‘బ్లూ’ దగ్గరే ఆగిపోయినవాళ్లు ‘హెజీరా’ను ఒక్కసారి మొదటినుంచి చివరిదాకా వరసగా వినండి.